ఎరుగని వ్యక్తితో అప్పు: పీర్ టు పీర్ రుణ వేదికలపై ఒక పాఠం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ఆవరణకు ప్రక్కనే జియా సరాయ్ అనే ఒక పాత పల్లె కలదు. నగరం పెరిగి దానిని నాలుగు వైపులా చుట్టుముట్టింది గాని, ఆ ఇరుకు సందులు మాత్రం పల్లె సందులే. సరాయ్ అనగా బాటసారులు విడిది చేసే సత్రం. నేడు అక్కడ విడిది చేసే బాటసారులు విద్యార్థులు. నెట్, గేట్, జామ్ వంటి పరీక్షల శిక్షణ కోసం దేశం నలుమూలల నుండి వచ్చి, జిరాక్సు దుకాణాల పైనున్న చిన్న గదులలో అద్దెకు ఉంటారు. మన తెలుగు జిల్లాల పిల్లలు కూడా వారిలో ఉంటారు.

అట్టి గదిలో ఉన్న ఒక రైతు బిడ్డను ఊహించుకొనండి. శిక్షణ ఫీజుకు, గది అడ్వాన్సుకు కలిపి 50,000 రూపాయలు కావలెను. ఇంటి వద్ద పత్తి ఇంకా అమ్ముడుపోలేదు. తండ్రిని అడుగుటకు మనసొప్పదు. అంతలో ఫోనులో ఒక ప్రకటన కనిపిస్తుంది: తాకట్టు లేదు, హామీదారు అక్కర లేదు, నేరుగా ఖాతాలోనికి డబ్బు.

అదే దినం మన మండల కేంద్రంలో ఒక ఎరువుల డీలరు సీజను వసూళ్ళు ముగించుకొని కూర్చున్నాడనుకొనండి. కంపెనీకి కట్టవలసినది కట్టగా చేతిలో 50,000 రూపాయలు మిగిలినవి. అతని ఫోనులోనూ ఒక ప్రకటన: మీ డబ్బును అవసరం ఉన్నవారికి అప్పుగా ఇవ్వండి, బ్యాంకు డిపాజిట్టు కన్నా ఎక్కువ వడ్డీ పొందండి.

ఆ విద్యార్థి, ఈ డీలరు ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినను ఒక వెబ్‌సైటు ద్వారా ఒకరు అప్పు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకొనేవారు కాగలరు. దీనినే పీర్ టు పీర్ రుణం, క్లుప్తంగా పి2పి రుణం అంటారు. ఈ పద్ధతిలో ఇద్దరికీ మేలు కలుగవచ్చును, ఇద్దరూ నష్టపోవచ్చును. ఏది ఎప్పుడు జరుగుతుందో తెలుసుకొనుటయే ఈ పాఠం ఉద్దేశం.

పాత పని, కొత్త మధ్యవర్తి

ఒకరి మిగులు డబ్బు మరొకరి అవసరానికి చేరుట మనకు కొత్త కాదు. చేబదులు ఉన్నది, ప్రామిసరీ నోటు ఉన్నది, చీటీ ఉన్నది. నెల్లూరు జిల్లాలో 1990 దశకం తొలినాళ్ళలో సారా వ్యతిరేక ఉద్యమం వెనువెంటనే మహిళలు రోజుకొక రూపాయి చొప్పున దాచుకొన్న పొదుపు లక్ష్మి ఉద్యమం మీకు గుర్తుండే ఉంటుంది. సభ్యుల పొదుపును సభ్యులకే అప్పుగా ఇచ్చుకొన్న ఆ సంఘాలు కూడా ఒక విధమైన పరస్పర రుణ వ్యవస్థలే.

వీటన్నిటిలో ఒక సామాన్య గుణం ఉన్నది. అప్పు ఇచ్చేవారు పుచ్చుకొనేవారిని ఎరుగుదురు. ఎవరి బోరులో నీరు ఉన్నది, ఎవరింట పెండ్లి ఉన్నది, ఎవరు మాట మీద నిలబడతారు అన్నది ఊరిలో అందరికీ తెలిసిన విషయమే. ఆ ఎరుకయే పూచీకత్తుగా పని చేసింది.

పి2పి వేదిక ఈ ఎరుక స్థానంలో కాగితాలను, లెక్కలను నిలుపుతుంది. అప్పు కోరేవారి ఆదాయం, బ్యాంకు ఖాతా వివరాలు, క్రెడిట్ స్కోరు చూచి ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనాను బట్టి వడ్డీ రేటు సూచించి, అప్పు ఇవ్వదలచినవారికి చూపుతుంది. అప్పు కుదిర్చినందుకు రుసుము తీసుకొంటుంది. ఇంతే దాని పని. గత అప్పులను ఒక వ్యక్తి ఏ విధంగా తీర్చినాడో స్కోరు చెప్పగలదు. వచ్చే ఏడాది అతనికి ఉద్యోగం ఉంటుందా, పంట పండుతుందా అన్నది చెప్పజాలదు.

ఈ పద్ధతికి ఆద్యులు ఇంగ్లండులో 2005లో ప్రారంభమైన జోపా సంస్థవారు. మరుసటి సంవత్సరం అమెరికాలో ప్రాస్పర్ వచ్చింది. మన దేశంలో ఢిల్లీ రాజధాని ప్రాంతపు గురుగ్రామ్‌లో ఫెయిర్‌సెంట్ 2013లో మొదలైంది. హైదరాబాదులోనూ ఐ-లెండ్ అనే వేదిక తొలి దశలోనే వచ్చింది. విశేషమేమనగా, జోపా 2021 చివరలో వ్యక్తుల నుండి వ్యక్తులకు రుణం కుదిర్చే వ్యాపారం మూసివేసి బ్యాంకుగానే కొనసాగ నిశ్చయించుకొన్నది. ఈ పద్ధతిని ప్రపంచానికి నేర్పినవారే దాని నుండి తప్పుకొన్నారన్న సంగతి మనం మనసులో ఉంచుకొనవలెను.

రిజర్వు బ్యాంకు గీసిన గీతలు

భారతీయ రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో ఈ వేదికలకు నియమావళి జారీ చేసింది. దాని ప్రకారం ఇట్టి వ్యాపారం చేయు సంస్థ ఎన్‌బీఎఫ్‌సీ-పి2పి అనే పేరున రిజర్వు బ్యాంకు వద్ద నమోదు పొందవలెను. 2024 ఆగస్టు 16న ఆ నియమాలను మరింత బిగించింది. మీకు అవసరమైన అంశాలు ఇవి.

ఒకటి: వేదిక తన సొంత డబ్బును అప్పుగా ఇవ్వరాదు. ప్రజల నుండి డిపాజిట్లు స్వీకరించరాదు. అది మధ్యవర్తి మాత్రమే.

రెండు: అప్పు తిరిగి వస్తుందని వేదిక హామీ ఇవ్వరాదు. అసలుకు గాని వడ్డీకి గాని కలిగే నష్టమంతా అప్పు ఇచ్చినవారిదే.

మూడు: ఈ అప్పులు తాకట్టు లేనివి. గడువు 36 నెలలకు మించరాదు.

నాలుగు: ఒకరు ఎన్ని వేదికల ద్వారా తీసుకొన్నను, ఏ సమయమందైనా మొత్తం అప్పు 10 లక్షల రూపాయలు దాటరాదు. అప్పు ఇచ్చేవారికి అన్ని వేదికలలో కలిపి పరిమితి 50 లక్షలు. 10 లక్షలకు మించి ఇవ్వదలచినవారు తమ నికర ఆస్తి కనీసం 50 లక్షలని చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం చూపవలెను. ఒకే వ్యక్తికి ఒకరు ఇవ్వగల అప్పు 50,000 రూపాయలు మించరాదు.

అయిదు: నగదు లావాదేవీలు నిషిద్ధం. డబ్బు ఒకరి బ్యాంకు ఖాతా నుండి ట్రస్టీ పర్యవేక్షణలో గల ఎస్క్రో ఖాతా ద్వారా రెండవవారి ఖాతాకు చేరవలెను. ఎస్క్రో అనగా ఇరుపక్షాల తరఫున మూడవవారు కాపలా ఉండే ఖాతా. 2024 సవరణ ప్రకారం ఆ ఖాతాలోనికి వచ్చిన డబ్బు మరుసటి దినం దాటి అందులో నిలువ ఉండరాదు.

ఆరు: అప్పు ఇచ్చేవారు ఫలానా వ్యక్తికి ఇస్తున్నానని విడివిడిగా ఆమోదించినప్పుడే ఆ అప్పు చెల్లుతుంది.

ఏడు: వేదిక తన ద్వారా ఇచ్చిన అప్పులలో ఎన్ని మొండి బకాయిలైనవో, అప్పు ఇచ్చినవారు ఎంత నష్టపోయినారో తన వెబ్‌సైటులో వెల్లడించవలెను.

2024లో ఈ బిగింపు ఎందుకు అవసరమైనది? కొన్ని వేదికలు పి2పి రుణాన్ని ఒక పెట్టుబడి పథకంగా ప్రచారం చేసినవి. ఇంత గడువుకు ఇంత రాబడి ఖాయమని, కోరినప్పుడు డబ్బు వెనుకకు తీసుకొనవచ్చునని ఆశ చూపినవి. ఇది డిపాజిట్ల సేకరణ వంటిదేనని రిజర్వు బ్యాంకు ఆక్షేపించింది. కావున నేడు ఏ పి2పి వేదికయైనా ఖాయమైన రాబడి అని చెప్పినచో అది నియమాలకు విరుద్ధమని మీరు వెంటనే గ్రహించవలెను.

అప్పు పుచ్చుకొనేవారికి లెక్క

మన పల్లెలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొంటాము. నూటికి రెండు రూపాయలనగా ఏడాదికి 24 శాతం. వెబ్‌సైట్లు, బ్యాంకులు ఏడాది శాతంలో చెబుతాయి. రెండింటినీ ఒకే కొలతకు తెచ్చి చూచుట మొదటి పని.

మన విద్యార్థి 50,000 రూపాయలను 12 నెలల వాయిదాలలో, తరిగే అసలుపై ఏడాదికి 24 శాతం వడ్డీకి తీసుకొన్నాడనుకొందాము. నెల వాయిదా 4,728 రూపాయలు. ఏడాదిలో మొత్తం కట్టేది 56,736 రూపాయలు. వడ్డీ 6,736. ఇంతవరకు ఇది నూటికి రెండు రూపాయల లెక్కయే.

ఇప్పుడు వేదిక తన రుసుము క్రింద పన్నుతో కలిపి 2,000 రూపాయలు ముందుగానే మినహాయించుకొన్నదనుకొనండి. చేతికి వచ్చినది 48,000. వాయిదా మాత్రం 50,000కు లెక్క కట్టిన 4,728 రూపాయలే. అసలు ఖరీదు ఇప్పుడు ఏడాదికి సుమారు 32 శాతం అవుతుంది. కాగితం మీద నూటికి రెండు. చేతిలో పడిన డబ్బును బట్టి చూచినచో నూటికి రెండు రూపాయల అరవై ఏడు పైసలు.

ఇక ఫ్లాట్ వడ్డీ అనే మాట వినబడితే మరింత జాగ్రత్త అవసరం. తరిగే అసలుపై గాక, మొదటి అసలు మొత్తంపై ఏడాది పొడుగునా వడ్డీ వేయుటను ఫ్లాట్ వడ్డీ అంటారు. అదే 50,000కు ఏడాదికి 18 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 9,000, నెల వాయిదా 4,917 రూపాయలు. 18 అన్నది 24 కన్నా తక్కువగా కనిపిస్తుంది. కాని నెలనెలా అసలు తీరుతూ ఉంటుంది కనుక దాని నిజమైన రేటు ఏడాదికి దాదాపు 32 శాతం. దానికి 2,000 రూపాయల రుసుము కూడా కలిసినచో దాదాపు 40 శాతం. అనగా ఊరిలో నూటికి మూడు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ.

కావున మీరు అడుగవలసిన ప్రశ్న "వడ్డీ ఎంత?" అన్నది కాదు. "నా చేతికి ఎంత వస్తుంది? నేను మొత్తం ఎంత కట్టవలెను? ఎన్ని నెలలలో?" ఈ మూడు సంఖ్యలు వ్రాసుకొని కూడిక, తీసివేత చేసుకొనండి. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు రుణగ్రహీతకు ఇవ్వవలసిన ముఖ్యాంశాల పత్రంలో రుసుములన్నీ కలిపిన వార్షిక వ్యయ శాతం ఉంటుంది. దానిని అడిగి చదువుకొనుట మీ హక్కు.

నెల వాయిదా, పంట ఆదాయం

రైతు కుటుంబాలకు వడ్డీ రేటు కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పి2పి అప్పు సాధారణంగా నెల వాయిదాలలో తీర్చవలసి ఉంటుంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు మార్లు మాత్రమే వస్తుంది. జియా సరాయ్‌లోని విద్యార్థికి జీతం లేదు. అతని నెల వాయిదా తండ్రి పంపే డబ్బు నుండే కట్టవలెను. రెండు నెలలు తప్పినచో ఆలస్య రుసుము చేరుతుంది. ఎగవేత సమాచారం క్రెడిట్ సమాచార సంస్థలకు వెళుతుంది. పి2పి వేదికలు ఈ సంస్థలన్నిటిలో సభ్యత్వం కలిగి, అప్పుల వివరాలు అందజేయవలెనని నియమం. రేపు ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరి ఇంటి రుణం కోరినప్పుడు ఈ తప్పిన వాయిదాలే ఎదురు నిలుస్తాయి.

ఈ వాయిదా తీర్చుటకు మరొక వేదికలో అప్పు, ఆ అప్పుకు మరొక యాప్‌లో అప్పు తీసుకొనుట అన్నిటికన్నా ప్రమాదకరం. ఈ దారి మన ప్రాంతానికి తెలియనిది కాదు. ఒక కుటుంబం అనేక సూక్ష్మ రుణ సంస్థల నుండి ఏకకాలంలో అప్పులు తీసుకొని, వారపు వాయిదాలు కట్టలేక నలిగిపోయిన స్థితి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది. బలవన్మరణాల వార్తలు వచ్చిన పిమ్మట 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థల నియంత్రణకు ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక అప్పును మరొక అప్పుతో తీర్చుట మొదలైన దినాననే ఆగి, ఇంటివారితోను, మొదటి రుణదాతతోను మాట్లాడుట శ్రేయస్కరం.

కావున అప్పుకు పూనుకొనే ముందు చౌకైన మార్గాలు ఉన్నవేమో చూడండి. పంట అవసరాలకు కిసాన్ క్రెడిట్ కార్డు రుణం ఉన్నది. 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణం 7 శాతానికి, గడువులోగా తీర్చినవారికి 3 శాతం ప్రోత్సాహకంతో 4 శాతానికే లభించే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2025–26కు కొనసాగించింది. తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని 2025 జనవరి 1 నుండి 1.6 లక్షల నుండి 2 లక్షలకు పెంచినారు. గుర్తింపు పొందిన కళాశాల కోర్సులకు విద్యా రుణం ఉన్నది. ఇంటిలో తల్లి స్వయం సహాయక సంఘ సభ్యురాలైనచో అక్కడి అప్పు కూడా ఆలోచించదగినదే. శిక్షణ కేంద్రం ఫీజును రెండు మూడు భాగాలుగా కట్టుటకు అనుమతిస్తుందేమో అడుగుటకు ఖర్చేమీ లేదు. అన్నిటికన్నా ముందు, పిల్లలు తండ్రితో చెప్పుట మంచిది. పత్తి అమ్ముడుపోలేదని తండ్రికి తెలియనిదేమీ కాదు. తెలియని అప్పు మాత్రమే ఇంటిని కృంగదీస్తుంది.

అప్పు ఇచ్చేవారికి లెక్క

ఇప్పుడు మన డీలరు వైపు చూద్దాము. అతడు తన 50,000 రూపాయలను పదిమందికి 5,000 చొప్పున, 12 నెలల గడువుకు, 18 శాతం వడ్డీకి ఇచ్చినాడనుకొందాము. డబ్బంతా ఒకరికే ఇవ్వక పదిమందికి పంచుట మంచి పనియే. ఒక్కొక్కరు నెలకు 458 రూపాయల చొప్పున ఏడాదిలో మొత్తం 5,501 రూపాయలు కడతారు. పదిమందీ కట్టినచో 55,008 రూపాయలు వస్తాయి. లాభం 5,008.

పదిమందిలో ఒక్కరు ఒక్క వాయిదా కూడా కట్టకపోయినచో? మిగిలిన తొమ్మిదిమంది నుండి వచ్చేది 49,507 రూపాయలు. అనగా వడ్డీ అంతా పోగా, అసలులో కూడా 493 రూపాయలు పోయినవి. ఇద్దరు కట్టకపోయినచో వచ్చేది 44,006. దాదాపు 6,000 రూపాయల నష్టం. వేదిక రుసుము ఇందులో లెక్కించలేదు. వచ్చిన వడ్డీపై ఆదాయపు పన్ను కూడా లెక్కించలేదు.

ఈ లెక్కను రెండు మూడు మార్లు చదవండి. 18 శాతం వడ్డీ ఆకర్షణ అంతా పదిమందిలో ఒక్కరి చేతిలో ఉన్నది. ఊరిలో ఆ ఒక్కరు ఎవరో ముందే పసిగట్టగలరు. వెబ్‌సైటులో ఆ ఒక్కరు కూడా మిగిలిన తొమ్మిదిమంది వలెనే ఒక స్కోరుతో, ఒక వరుసలో కనిపిస్తాడు.

ఊరిలో బాకీదారు ఇంటికి వెళ్ళి అడుగవచ్చును. ప్రామిసరీ నోటుకు మూడేండ్ల గడువు లోపల దావా వేయవచ్చును. ఇక్కడ అప్పు పుచ్చుకొన్నవాడు మరొక రాష్ట్రంలో ఉండవచ్చును. చట్టం మీ పక్షాన ఉన్నను, 5,000 రూపాయల కోసం ఢిల్లీ న్యాయస్థానానికి వెళ్ళేవారు ఎవరు? వసూలులో సహాయపడుట వేదిక విధియే. కాని ఆ సహాయం ఫలిస్తుందన్న హామీ లేదు.

బ్యాంకు డిపాజిట్టుతో పోల్చి చూచుట కూడా అవసరం. బ్యాంకు డిపాజిట్టుకు ఒక బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా రక్షణ ఉన్నది. పి2పి అప్పుకు అట్టి రక్షణ ఏదీ లేదు. ఒకటి దాచుకొన్న డబ్బు, రెండవది అప్పు ఇచ్చిన డబ్బు. రెండింటి వడ్డీ రేట్లను ప్రక్కప్రక్కన పెట్టి ఏది ఎక్కువ అని చూచుట సరియైన పోలిక కాదు.

కాబట్టి డీలరు మిత్రులకు సూచన ఇది. వచ్చే సీజనులో కంపెనీకి కట్టవలసిన డబ్బును, పిల్ల పెండ్లికి దాచిన డబ్బును, మరొకరి వద్ద వడ్డీకి తెచ్చిన డబ్బును ఇందులో పెట్టకండి. పోయినను వ్యాపారం ఆగని డబ్బు మాత్రమే పెట్టండి. వేదిక ప్రకటించిన మొండి బకాయిల వివరాలు ముందుగా చదవండి. చిన్న మొత్తంతో ప్రారంభించి, ఒక పూర్తి గడువు ముగిసి డబ్బు తిరిగి వచ్చిన తరువాతనే పెంచండి.

వేదిక ముసుగులో వచ్చేవారు

ఇంతవరకు చెప్పినది నియమబద్ధమైన వేదికల సంగతి. వాటి పేరు చెప్పుకొని, లేదా వాటి వలె కనిపిస్తూ వచ్చేవారి వలన కలిగే హాని మరింత తీవ్రం.

చైనాలో ఇజుబావో అనే వేదిక దాదాపు 9 లక్షల మంది నుండి సుమారు 5,000 కోట్ల యువాన్లు సేకరించింది. అందులో చూపిన రుణాలు చాలావరకు కల్పితాలని 2016లో వెల్లడైంది. కొత్తవారి డబ్బును పాతవారికి రాబడిగా చూపినారు. అట్టి అనుభవాల పిమ్మట ఆ దేశంలో 2020 చివరి నాటికి పి2పి వేదికలన్నీ మూతపడినవి.

మన హైదరాబాదులో ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అనే పేరుతో నడచిన పథకంపై 2025 ఫిబ్రవరిలో సైబరాబాదు పోలీసులు కేసు పెట్టినారు. పెద్ద కంపెనీల బిల్లులపై స్వల్పకాలానికి డబ్బు పెడితే అధిక రాబడి అని యాప్ ద్వారా నమ్మించి సుమారు 1,700 కోట్ల రూపాయలు సేకరించినారని, అందులో సుమారు 850 కోట్లు తిరిగి చెల్లించలేదని పోలీసుల ఆరోపణ. ఇది పి2పి రుణం కాదు. కాని డబ్బు పెట్టినవారికి కనిపించినది మాత్రం అదే తీరు. ఒక యాప్, ఒక రాబడి శాతం, ఎన్నడూ చూడని బాకీదారు.

అప్పు పుచ్చుకొనేవారికి ఎదురైన ఆపద 2020లో తెలంగాణలో కనిపించింది. కోవిడ్ కాలంలో క్షణాలలో అప్పు ఇచ్చే యాప్‌ల ద్వారా చిన్న మొత్తాలు తీసుకొన్నవారిని వసూలు పేరిట వేధించినారు. ఫోనులోని నంబర్లన్నీ ముందే తీసుకొని బంధువులకు, స్నేహితులకు అవమానకరమైన సందేశాలు పంపినారు. అది భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. 2020 డిసెంబరులో పోలీసులు దాడి చేసిన వసూలు కాల్ సెంటర్లు కొన్ని హైదరాబాదులో, కొన్ని ఢిల్లీ ప్రక్కనున్న గురుగ్రామ్‌లో ఉన్నవి. ఆ నెల 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. తరువాత అది నియమించిన అధ్యయన బృందం సుమారు 1,100 రుణ యాప్‌లను గుర్తించి, వాటిలో సుమారు 600 చట్టవిరుద్ధమైనవని తేల్చింది. 2022 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం రుణ యాప్‌లు మీ ఫోనులోని నంబర్ల జాబితాను, ఫోటోలను, కాల్ వివరాలను చూడరాదు. అట్టి అనుమతి అడిగిన యాప్‌ను వెంటనే తొలగించండి.

చిక్కు వచ్చినప్పుడు

వాయిదా కట్టలేని పరిస్థితి వచ్చినచో దాగుకొనుట పరిష్కారం కాదు. గడువు తేదీకి ముందే వేదికకు వ్రాతపూర్వకంగా తెలిపి, వ్యవధి కోరండి. కట్టిన ప్రతి వాయిదాకు రసీదు భద్రపరచండి. వేదిక మూతపడినను అప్పు రద్దు కాదు. గడువు ముగిసేవరకు రుణాల నిర్వహణ కొనసాగే ఏర్పాటు వేదిక ముందే చేసి ఉంచవలెనని నియమం.

ఫిర్యాదు ఉన్నచో మొదట వేదిక ఫిర్యాదుల అధికారికి వ్రాయండి. ఒక నెలలో పరిష్కారం కాకపోయినచో రిజర్వు బ్యాంకు వినియోగదారుల విద్య, రక్షణ విభాగానికి విన్నవించుకొనవచ్చును. నమోదు లేని సంస్థ డబ్బు వసూలు చేస్తున్నదని తెలిసినచో రిజర్వు బ్యాంకు నిర్వహించే సచేత్ పోర్టల్‌లో తెలుపవచ్చును. మోసం ద్వారా డబ్బు పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. బెదిరింపులు వచ్చినచో ఆ సందేశాలను చెరిపివేయక పోలీసులకు చూపండి. అప్పు తీర్చవలసి ఉండుట నేరం కాదు. బెదిరించుట నేరం.

ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుండి ఏడాదికి ఒక మారు మీ పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చును. మీ పేరున మీకు తెలియని అప్పు ఉన్నదేమో అందులో చూచుకొనండి.

మననం చేసుకొనవలసిన ప్రశ్నలు

ఈ పాఠం ముగించే ముందు, ఫోనులో ఏ బొత్తాము నొక్కే ముందైనా మిమ్ములను మీరు ప్రశ్నించుకొనవలసినవి ఇవి.

1. ఈ సంస్థ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని ఎన్‌బీఎఫ్‌సీ-పి2పి జాబితాలో ఉన్నదా?

2. నా చేతికి వచ్చేది ఎంత, నేను కట్టేది ఎంత, ఎన్ని నెలలలో?

3. ప్రతి నెల వాయిదాకు డబ్బు ఎక్కడ నుండి వస్తుంది? పంట ఆలస్యమైనచో ఎవరు కడతారు?

4. ఈ అప్పు సంగతి నా ఇంటిలో కనీసం ఒకరికైనా తెలుసునా?

5. నేను అప్పు ఇస్తున్నచో, పదిమందిలో ఇద్దరు కట్టకపోయినను నా వ్యాపారం నిలబడుతుందా?

6. ఎవరైనా రాబడి ఖాయమని చెప్పుచున్నారా? ఎస్క్రో ఖాతాకు గాక వేరొక ఖాతాకు గాని, నగదుగా గాని పంపమంటున్నారా? అట్లయినచో ఆగవలెను.

జియా సరాయ్‌లోని విద్యార్థికి, మండల కేంద్రంలోని డీలరుకు మధ్య వెబ్‌సైటు ఒక వంతెన వేయగలదు. ఆ వంతెన మీద ఎవరైనా జారిపడితే పట్టుకొనే బాధ్యత మాత్రం అది తీసుకొనదు. పూర్వం ఊరి అప్పులో మనిషిని మనం చూచి అంచనా వేసేవారము. ఇప్పుడు మనిషి కనిపించడు గనుక లెక్కను రెండింతలు జాగ్రత్తగా చూడవలెను. అప్పు ఇచ్చినను, పుచ్చుకొన్నను, కాగితం మీద ఆ మూడు సంఖ్యలు వ్రాసుకొని, ఒక రాత్రి ఆగి, మరునాడు ఇంటివారితో ఒక మాట అనుకొన్న తరువాతనే ముందుకు వెళ్ళండి. అంతలో ఆ ప్రకటన ఎక్కడికీ పోదు.